లారీ పట్టల మీద బరువు ముద్ర ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు. రాష్ట్రంలో మిగతా చోట్ల వానలు వెనకపట్టే వేళకు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అసలు వానలు మొదలవుతాయి. నెల్లూరు జిల్లాలో ఏడాది మొత్తం కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలోనే పడుతుందని అందరికీ తెలిసిందే. అందువల్ల ఆశ్వయుజం రాగానే ఇక్కడి లారీ యజమానులందరికీ ఒకటే పని: లోడు మీద కప్పే పాత పట్టలను, అంటే టార్పాలిన్లను, ఎండలో పరచి చిల్లులు వెతకడం, పనికిరాదనుకున్న దాన్ని పక్కన పడేసి కొత్తది కొనడం. ఈ మూడు నాలుగేళ్లుగా కొత్తగా కొనేవారిలో ఎక్కువమంది తేలికపాటి పట్టలే అడుగుతున్నారు. అడగడం సబబే. అయితే తేలిక పట్ట పేరుతో దుకాణాల్లో అమ్ముడుపోతున్నది చాలా సందర్భాల్లో చెప్పిన బరువు లేని పలచని పట్ట. ఈ రెంటికీ ఉన్న తేడా తెలియక నేను నష్టపోయాను. మరొకరు నష్టపోకూడదనీ, అధికారులు ఈ విషయంపై కొంత దృష్టి పెట్టాలనీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను కోవూరు వాసిని. ఇరవై రెండేళ్లు స్టీరింగు పట్టాను. ఇప్పుడు రెండు లారీలు ఉన్నాయి. ఒకటి డాలాలు, అంటే పక్కల చెక్క అడ్డాలు, ఉన్న మామూలు బాడీ, రెండోది డాలాలు లేని చదును బాడీ. బియ్యం, ఎరువుల బస్తాలు, పొగాకు బేళ్లు, అప్పుడప్పుడు ఇనుప పైపులు వేస్తుంటాము. డాలాలున్న బండికి పట్ట కొంచెం పొట్టిదైనా సరిపోతుంది, ఎందుకంటే కింది వరసల బస్తాలకు చెక్క అడ్డం ఉంటుంది. చదును బండికి ఆ వెసులుబాటు లేదు. లోడు నాలుగు వైపులా పలక మట్టం దాకా పట్ట దిగాలి, దిగి కింద కొక్కేలకు బిగియాలి. కాబట్టి చదును బండి పట్ట ఎప్పుడూ పెద్దదే, పెద్దది గనుక బరువైనదే, ఆ బరువును పన్నెండు అడుగుల ఎత్తుకు ఎక్కించేది మాత్రం ఇద్దరే ఇద్దరు మనుషులు, డ్రైవరూ క్లీనరూ.

ఆ బరువు ఎంతో లెక్క వేసి చూపిస్తాను. పద్దెనిమిది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, అయిదు అడుగుల ఎత్తున బియ్యం బస్తాలు పేర్చామనుకోండి. పొడవుకు ముందూ వెనకా అయిదేసి అడుగుల దిగువ, అంచుల్లో ఒక్కో అడుగు మడత కలిపితే ముప్పై అడుగులు. వెడల్పుకు అదే లెక్కన ఇరవై. ముప్పై ఇరవైల పట్ట అంటే ఆరువందల చదరపు అడుగులు, అంటే దాదాపు 56 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 500 గ్రాముల నూలు కాన్వాసు అయితే పొడిగా ఉన్నప్పుడే 28 కిలోలు తూగుతుంది. 610 గ్రాముల పీవీసీ పూత పట్ట అయితే 34 కిలోలు. అదే 250 గ్రాముల పాలిథిన్ నేత పట్ట అయితే 14 కిలోలు మాత్రమే. వాన తగిలాక కాన్వాసు నీళ్లు తాగి మరింత బరువెక్కుతుంది, పాలిథిన్ తాగదు. అమెరికాలో చదును ట్రైలర్లు నడిపే డ్రైవర్లు 18 ఔన్సుల వినైల్ పట్టలను వాడతారు. ఆ 18 ఔన్సులు చదరపు గజానికి లెక్క, మన లెక్కలో చదరపు మీటరుకు పైన చెప్పిన 610 గ్రాములే. వాళ్ల కలప లోడు పట్ట ఒక్కోటి నలభై అయిదు కిలోల దాకా ఉంటుంది. భుజాలు, నడుములు పోగొట్టుకుంటున్నామని వాళ్లూ తేలిక పట్టల వైపు చూస్తున్నారు. పైభాగం మందంగానూ పక్కల దిగే భాగం పలచగానూ ఉండే పట్టలు అక్కడ దొరుకుతున్నాయి. మన దగ్గర అలా కుట్టి అమ్మేవారు నాకు కనబడలేదు.

నాకు తేలిక పట్ట అవసరం ఎలా తెలిసిందో చెప్పాలి. నాలుగేళ్ల కిందట కార్తీక మాసంలో ఒక రైసు మిల్లు ఆవరణలో రాత్రి పది గంటలకు లోడు పూర్తయింది. సన్నటి జల్లు పడుతోంది. కాన్వాసు పట్ట అప్పటికే ఒకసారి తడిసి మడత పెట్టినది కావడంతో రాయిలా ఉంది. మా క్లీనరు కుర్రవాడు లోడు మీద నిలబడి కొస అందుకుని, "అన్నా, అందింది, ఎత్తు" అన్నాడు. నేను కింద నుంచి ఎత్తుతున్నాను. వాడు వెనక్కి అడుగు వేసి లాగేటప్పుడు కాలు తడి గుడ్డ మీద పడింది. జారి పక్కనున్న సిమెంటు అరుగు అంచు మీద పడ్డాడు. మణికట్టు ఎముక విరిగింది. మూడు నెలలు చేయి కదపలేదు. తల తగలకపోవడం వాడి అదృష్టం, నా అదృష్టం కూడా. ఆ వారంలోనే కాన్వాసును ధాన్యం రాశులు కప్పుకొనే ఒక రైతుకు ఇచ్చేసి, తేలిక పట్ట కొనడానికి వెళ్లాను.

దుకాణదారు, "250 జీఎస్ఎం అండీ, మూడేళ్లు చూసుకోనవసరం లేదు" అన్నాడు. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్క. పైన నీలం, లోపల నలుపు, చుట్టూ తాళ్లు కట్టడానికి మెరిసే రింగులు. చూడడానికి ముచ్చటగానే ఉంది. కొలత ముప్పై ఇరవై అని బిల్లులో రాశాడు. పట్ట మీద గానీ సంచి మీద గానీ ఎక్కడా ఏమీ అచ్చు వేసి లేదు. మొదటి ఏడాది తిరగకుండానే, ఒంగోలు వైపు పోతుండగా టంగుటూరు టోల్‌గేటు దాటాక ఎదురుగాలికి ముందు వైపు మూడు రింగులు గుడ్డతో సహా ఊడిపోయాయి. మేము గమనించి బండి ఆపేలోగా పైవరస బస్తాలు పద్నాలుగు తడిసిపోయాయి. సరుకు దించిన చోట వాటికి ధరలో కోత పెట్టారు. తిరిగి వచ్చాక నాకు బుద్ధి పుట్టి, ఆ పట్టను మిల్లులో బస్తాలు తూచే కాటా మీద పెట్టించాను. రింగులూ అంచు తాడూ కలిపి తొమ్మిదిన్నర కిలోలు. టేపుతో కొలిస్తే ఇరవై తొమ్మిది పంతొమ్మిది. అంటే 51 చదరపు మీటర్లు. 250 గ్రాముల చొప్పున పన్నెండున్నర కిలోలకు పైగా ఉండాలి. వచ్చినది చదరపు మీటరుకు 186 గ్రాములు, అందులోనూ రింగుల బరువూ తాడు బరువూ తీసేస్తే గుడ్డ ఇంకా తక్కువ. కొనే రోజున అయిదు నిమిషాలు ఈ లెక్క చూసుకుని ఉంటే ఆ పద్నాలుగు బస్తాల కోత తప్పేది. ఎవరైనా చేయగల లెక్కే ఇది: పొడవు అడుగులను వెడల్పు అడుగులతో గుణించి 10.76తో భాగిస్తే చదరపు మీటర్లు వస్తాయి, పట్ట బరువును గ్రాముల్లోకి మార్చి దానితో భాగిస్తే జీఎస్ఎం బయటపడుతుంది.

కొలత విషయంలో దుకాణాల వాళ్లు చెప్పే సమాధానం ఒకటుంది. కత్తిరించినప్పుడు ముప్పై ఇరవై ఉంటుందట, అంచులు మడిచి అతికాక అడుగు తగ్గుతుందట. అది నిజమే. కానీ లోడు కప్పేది అతికిన పట్టతోనే కదా. పూర్తయిన కొలత ఎంతో చెప్పి అమ్మడం న్యాయం.

మరి తేలిక పట్టలో ఏది మంచిది, ఏది కాదు అనే ప్రశ్నకు నా అనుభవంలో మొదటి పరీక్ష బరువు, రెండో పరీక్ష ఎండ. పాలిథిన్‌కు వాన శత్రువు కాదు, ఎండ శత్రువు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు దాని దారాలను పెళుసు చేస్తాయి. దానికి విరుగుడుగా తయారీలోనే కొన్ని రసాయనాలు కలుపుతారు; నల్ల పొరలో కలిపే కార్బన్ నలుపు కూడా ఆ కిరణాలను అడ్డుకుంటుంది. ఆ మందు కలపని పట్ట మన ఎండలకు ఒక వేసవి గడిచేసరికే చేతితో రుద్దితే తెల్లటి పొడి రాలుతుంది, మడత పెట్టిన గీత వెంట చిట్లుతుంది. కొత్తదానిలో ఇది కంటికి కనబడదు. అందుకే భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర చూసుకోమంటాను. పాలిథిన్ నేత టార్పాలిన్లకు ఐఎస్ 7903 అనీ, నూలు కాన్వాసు పట్టలకు ఐఎస్ 2089 అనీ ప్రమాణాలు ఉన్నాయి. ముద్ర ఉన్న సరుకుకు ధర కొంత ఎక్కువే. తడిసిన బియ్యానికి పెట్టే కోతతో పోలిస్తే అది లెక్కలోది కాదు.

రింగుల సంగతి కూడా చూడాలి. మనది సముద్రపు గాలి. కృష్ణపట్నం రేవు దగ్గర లోడు కోసం రెండు రోజులు నిలబడిన బండి మీద ఇనుప రింగు ఉంటే తుప్పు మరక బస్తా మీద అచ్చు పడుతుంది. అల్యూమినియం రింగులు తుప్పు పట్టవు గానీ మెత్తన, ఇత్తడి మేలు. రింగు ఏదైనా అది గుచ్చిన చోట గుడ్డ రెండు మూడు పొరలుగా ఉందా, అంచు మడతలో తాడు ఉందా అని వేలితో తడిమి చూడాలి. నా పట్టలో ఊడిన మూడు రింగుల దగ్గరా గుడ్డ ఒకే పొర. రింగు రింగుకూ మధ్య మూడడుగుల కంటే ఎక్కువ ఎడం ఉంటే గాలికి ఆ మధ్య భాగం రెక్కలా కొట్టుకుంటుంది. కొట్టుకునే పట్ట ఎంత మంచిదైనా నిలవదు.

అతుకులు కూడా వేడితో అతికినవై ఉండాలి. కుట్టిన చోట ప్రతి సూది రంధ్రమూ ఒక చిల్లే.

ఇక్కడ ఒక మాట నిష్పక్షపాతంగా చెప్పాలి. తేలిక పట్ట అన్ని లోడ్లకూ పనికిరాదు. బియ్యం, ఎరువులు, రొయ్యల మేత, పొగాకు బేళ్లు, మిరప టిక్కీలు (బస్తాలు) వంటి మెత్తని లోడుకు 250 జీఎస్ఎం పాలిథిన్ చక్కగా సరిపోతుంది. పైపులు, ఇనుప కోణాలు, యంత్రాలు, చెక్క పెట్టెల్లో వచ్చే గ్రానైటు పలకలు వంటి అంచులున్న లోడు మీద అదే పట్ట వేస్తే మొదటి గుంతలోనే అంచు పొడుచుకుని వస్తుంది. వాటికి పీవీసీ పట్టే వేయాలి, లేదా తేలిక పట్ట కింద ప్రతి మూలకూ పాత టైరు ట్యూబు ముక్కలో, నాలుగు మడతల గోతమో పరచాలి. నేను ట్యూబు ముక్కలే వాడుతున్నాను. టైరు దుకాణాల్లో ఊరికే ఇస్తారు. పీవీసీకి ఇంకో సౌకర్యం ఉంది: చిరిగితే జిగురుతో మాసిక వేయవచ్చు. పాలిథిన్‌కు మామూలు జిగురు ఏదీ అంటదు, పంచరు సొల్యూషను కూడా అంటదు. వేడి గాలి యంత్రంతో అతకాలి. గూడూరు వైపు నుంచి వచ్చే సిలికా ఇసుకకూ, రేవు నుంచి వెళ్లే బొగ్గుకూ కప్పేది వాన కోసం కంటే రోడ్డు మీద వెనక వచ్చేవారి కళ్లలో దుమ్ము పడకుండా ఉండడం కోసం గనుక అక్కడ పలచని పట్టతో సరిపెట్టినా నాకు పెద్ద అభ్యంతరం లేదు, చివరిదాకా కట్టి ఉంచితే చాలు.

తేలిక పట్టకు కట్టే పద్ధతి కూడా మారాలి. కాన్వాసు తన బరువుతోనే లోడును అంటిపెట్టుకుని ఉండేది, అందుకే పాత డ్రైవర్లకు నాలుగు మూలలూ కట్టి మధ్యలో ఒక మోకు వేస్తే చాలుననే అలవాటు. పాలిథిన్ కింద గాలి దూరిందంటే గొడుగులా లేస్తుంది. రింగులకు కట్టే సన్నతాళ్లు పట్టను లాగి ఉంచడానికే, దాన్ని నొక్కి ఉంచేది పైనుంచి అడ్డంగానూ ఐమూలగానూ వేసే మోకులు. నేను అడుగు వెడల్పు నైలాన్ వల పట్టీలను లోడు మీదుగా మూడు చోట్ల వేసి, వాటి మీద మోకు బిగిస్తున్నాను. మోకు ఒరిపిడికి పట్ట అరగదు. రెండు పట్టలు వేయవలసి వస్తే వెనకది ముందు పరచి, ముందుదాన్ని దాని మీదకు మూడడుగులు వచ్చేలా పరచాలి. తిరగేసి వేస్తే ఎదురుగాలి ఆ సందులోంచి దూరుతుంది, గాలి వెంట వాన కూడా దూరుతుంది. ముప్పై కిలోమీటర్లు పోయాక ఒకసారి ఆపి ముడులు చూసుకోవాలి. కావలిలో టీకి ఆగేవాళ్లు అప్పుడే లోడు చుట్టూ ఒక తిరుగు తిరిగితే సరిపోతుంది.

లోడు పైభాగం చదునుగా ఉంచడం ఇంకొక పొరపాటు. ఎనిమిది అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవున ఒక్క అంగుళం నీరు నిలిస్తే అది 340 లీటర్లు, అంటే 340 కిలోలు. పలచని పట్ట ఆ బరువుకు బస్తాల సందుల్లోకి దిగి, మడుగులు కట్టి, చివరికి ఏదో ఒక చోట కారుతుంది. నడుమ ఒక వరస బస్తాలు ఎత్తుగా వేయమని హమాలీలను అడిగితే వాళ్లు కాదనరు. ఇంటి కప్పులా రెండు వైపులా నీరు జారిపోతుంది. 2021 నవంబరులో పెన్నా వరదకు కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగినప్పుడు, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు మన జిల్లాలో కుండపోత కురిసినప్పుడు, బండ్లు కదలక లోడుతో వానలోనే నిలబడ్డాయి. నడిచే బండి మీద నీరు నిలవదు, నిలబడ్డ బండి మీద నిలుస్తుంది. నడిచేటప్పుడు కారని పట్టలు అలాంటప్పుడు కారతాయి.

పాలిథిన్‌కు ఒక సహజ దోషం ఉంది, దాన్ని దాచకూడదు. అది ఊపిరి ఆడనివ్వదు. కాన్వాసులోంచి ఆవిరి బయటికి పోతుంది, పాలిథిన్ కింద అది చల్లబడి చెమటలా పట్ట లోపలి వైపు పేరుకుని పైవరస మీద కారుతుంది. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యానికి 17 శాతం దాకా తేమ అనుమతిస్తారు. ఆ తేమతో ఉన్న ధాన్యాన్ని మధ్యాహ్నపు ఎండలో నల్ల లోపలి పట్ట కింద గాలి ఆడకుండా బిగించి రెండు రోజులు ఉంచితే పైబస్తాలు ముక్కిపోయిన వాసన వస్తాయి. పొగాకు విషయంలో ఇది మరీ ప్రమాదం. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి వేలం కేంద్రాలకు బేళ్లు తోలే రైతులకు తేమ పట్టిన ఆకుకు ధర ఎలా పడిపోతుందో నేను చెప్పనక్కర లేదు. లోడుకూ పట్టకూ మధ్య ఒక పొర గోనె పట్టా పరచడం, ఎండ కాసేటప్పుడు ఆగిన చోట వెనక కొస కాసేపు ఎత్తి గాలి ఆడనివ్వడం మా దగ్గర పని చేస్తున్నాయి. పొగాకుకు మాత్రం నేను ఇప్పటికీ అరువు తెచ్చి అయినా కాన్వాసే వేస్తున్నాను.

ఈ విషయంలో నేను కోరేవి రెండు. మొదటిది తూనికలు, కొలతల శాఖ వారికి. పొట్లం కట్టి అమ్మే సరుకుల మీద, కొలత ముఖ్యమైనప్పుడు ఆ కొలత రాయాలని 2011 నాటి నిబంధనలు ఉన్నాయి. నెల్లూరు, ఒంగోలు, కావలి, కందుకూరు బజార్లలో వానలకు ముందు పట్టల దుకాణాలను ఒకసారి తనిఖీ చేసి, పూర్తయిన కొలతతో పాటు జీఎస్ఎం, మొత్తం బరువు పట్ట మూల మీదనే చెరగని సిరాతో ముద్ర వేయించేలా చూడాలి. దుకాణంలో ఒక కాటా ఉంచి కొనేవారి ముందే తూచి ఇస్తే ఇంకా మంచిది. కూరగాయలకు, ఇనుప మేకులకు ఉన్న తూకం నాలుగైదు వేలు పోసి కొనే పట్టకు ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు.

రెండోది మిల్లుల, గోదాముల యజమానులకు. పట్ట ఎంత తేలికైనా దాన్ని పరచడానికి మనిషి లోడు ఎక్కక తప్పదు. లోడింగు అరుగు పక్కన రెండు స్తంభాల మధ్య ఎత్తుగా ఒక ఇనుప పైపు బిగించి, దాని నుంచి ఒక మోకు వేలాడదీస్తే, పైకి ఎక్కినవాడు దాన్ని నడుముకు తగిలించుకుని పని చేయగలడు. జారినా వేలాడతాడు గానీ అరుగు మీద పడడు. మా కుర్రవాడు పడిన మిల్లులో ఆ స్తంభాలు అప్పటికే ఉన్నాయి, వాటికి లైట్లు బిగించారు. పైపు ఒక్కటే లేదు. ఈ అక్టోబరు లోపల ఎవరైనా మిల్లు యజమాని ముందుకు వస్తే, మోకూ కొక్కెమూ తెచ్చి కట్టి చూపించే పని నేను చేస్తాను. ఎలా తగిలించుకోవాలో మా క్లీనరు చూపిస్తాడు.

ఇట్లు,
ఒక లారీ యజమాని,
కోవూరు, నెల్లూరు జిల్లా.